వంతెన దాటిన రొట్టె

ఆ ఫిబ్రవరిలో మా ఊరి వంతెనకి తాళం తీశారు. తీశారని అనడం మాటవరసకే. ముప్పై ఏళ్ళ తుప్పు పట్టిన తాళం అది. చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. చివరికి రంపంతో కోశారు.

వంతెనకి ఇటు మేము, అర్మేనియా వాళ్ళం. అటు టర్కీ. కింద అరక్స్ నది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఒడ్డున గొర్రెలు కాసే మనిషి తుమ్మడం కూడా కనిపిస్తుంది. అతని పేరేమిటో మాత్రం మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. నేను పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ వంతెన మీదుగా ధైర్యంగా అటూ ఇటూ తిరిగినవి కొంగలు మాత్రమే.

ఆ దేశంలో ఎక్కడో దూరాన భూకంపం వచ్చిందని టీవీలో చూస్తూ ఉన్నాం. ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. నేను టీవీ కట్టెయ్యమంటున్నాను, మా అబ్బాయి సెరోబ్ కట్టెయ్యడం లేదు. అప్పుడు మార్తిరోస్ వచ్చాడు. మా ఊరి పెద్ద. మంచి కబురైనా చెడ్డ కబురైనా టోపీ ఒకేలా చేత్తో పట్టుకుని వస్తాడు. అందుకని ఆయన గుమ్మంలో నిలబడితే నాకు గుండె దడ.

"షూషాన్ అక్కా, కాఫీ ఉందా?"

"ముందు సంగతి చెప్పు. కాఫీ ఎక్కడికీ పోదు."

"సాయం సామాను లారీలు మన వంతెన మీంచే వెళ్తున్నాయి. శనివారం. రాజధాని నుంచి ఫోనొచ్చింది. అటువాళ్ళు సరే అన్నారట."

"అటువాళ్ళంటే?"

"టర్కీ వాళ్ళే అక్కా. భూకంపం వాళ్ళకొచ్చింది, నాకు కాదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెద్ద లారీ తోలేవాళ్ళు కావాలట. రెండు ముక్కలు టర్కీ భాష వస్తే మరీ మంచిదట."

సెరోబ్ లారీ డ్రైవరు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ కోపమొస్తే టర్కీ భాషలోనే తిట్టేది. వాడు ఆ తిట్లు వింటూ భాష నేర్చుకున్నాడు. మార్తిరోస్ మా ఇంటికే ఎందుకొచ్చాడో నాకప్పుడు అర్థమైంది.

"నేను వెళ్తా," అన్నాడు సెరోబ్.

మా కోడలు సాతెనిక్ జున్ను ముక్కలు కోస్తోంది. కత్తి ఆగింది.

"ఎక్కడికి?"

"విన్నావుగా."

"మా గరిక్‌ని చంపిన ఆ డ్రోన్ ఏ దేశంలో తయారైందో తెలుసా నీకు?"

గరిక్ ఆమె తమ్ముడు. అంతకు రెండేళ్ళ ముందు ఇంకో పొరుగు దేశంతో జరిగిన యుద్ధంలో పోయాడు. ఫోటో మా గోడకే ఉంది, నవ్వుతూ.

"తెలుసు," అన్నాడు సెరోబ్.

"తెలిసే వెళ్తావా?"

"ఆ రాళ్ళ కింద ఉన్నవాళ్ళు తయారు చెయ్యలేదుగా సాతో," అన్నాడు, ఎప్పటిలా ముద్దుపేరుతో పిలిచి.

"నీకెలా తెలుసు? అడిగొచ్చావా?"

మార్తిరోస్ కాఫీ సంగతి మర్చిపోయి టోపీ పెట్టుకుని లేచాడు. సాతెనిక్ ఆయన వైపు చూడనైనా చూడలేదు. "నువ్వు ఆ వంతెన ఎక్కు," అంది మొగుడితో. "దిగేసరికి నేనీ ఇంట్లో ఉండను. మా అమ్మ మొహం చూసి ఏం చెప్పను, నా మొగుడు వాళ్ళకి దుప్పట్లు మోస్తున్నాడనా?"

ఆమె ఊరికే అనే మనిషి కాదు. నాకు అదే భయం.

మా దగ్గర ఇంట్లోంచి ఎవరైనా దూరం వెళ్తుంటే వెనకాల చెంబుడు నీళ్ళు పారబోస్తాం. నీళ్ళు పారినంత సులువుగా మనిషి తిరిగి రావాలని. మా ఆయన రష్యాలో రోడ్లు వెయ్యడానికి వెళ్ళిన రోజు నేను బకెట్టుడు పోశాను. పెట్టెలో వచ్చాడు. మా నానమ్మ చిన్నప్పుడు, అక్కడ మావాళ్ళని ఊచకోత కోస్తున్న రోజుల్లో, ఆ ఒడ్డు నుంచి పారిపోయి వస్తుంటే, తోసుకొస్తున్న జనంలో చెల్లెలి చెయ్యి జారిపోయింది. ఆ పిల్ల వెనకాల నీళ్ళు పొయ్యడానికి ఎవరూ మిగల్లేదు. కాబట్టి నీళ్ళ మీద నాకు నమ్మకముందని చెప్పలేను. పొయ్యకుండా మాత్రం ఉండలేను.

శనివారం పొద్దున ఊరంతా వంతెన దగ్గరే ఉంది. సైనికులు, కెమెరాలు, నల్ల కార్లు. లారీల్లో మందులు, గుడారాలు, డబ్బాల తిండి. మా ఊరి వాళ్ళు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. చలికాలంలో మా ఇళ్ళల్లో ఉండేది లవాష్. ఆకురాలు కాలంలోనే భూమిలో దింపిన మట్టి పొయ్యి వేడి చేసి, దుప్పటంత రొట్టెలు పల్చగా లాగి కాల్చి, ఎండబెట్టి దొంతరలు పేరుస్తాం. ముట్టుకుంటే కాగితంలా పెళపెళమంటుంది. తినే ముందు నీళ్ళు చల్లి గుడ్డలో చుట్టి ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది. నెలల తరబడి పాడవదు. ఇంటింటి నుంచీ దొంతరలు తెచ్చి పెట్టెల్లో సర్దాం.

బూడిదరంగు కోటు వేసుకున్న ఒక కుర్ర అధికారి ఒక పెట్టె తెరిచి చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటండీ?"

"లవాష్, బాబూ," అన్నాను.

"తెలుసండీ. ఎండిపోయిందిగా."

"చలికాలపుది ఎండే ఉంటుంది. కాసిని నీళ్ళు చల్లితే..."

"మా అమ్మమ్మా అలాగే చేస్తుందమ్మా. కానీ వాళ్ళకెలా తెలుస్తుంది? అర్మేనియా వాళ్ళు పాచి రొట్టె పంపారని రేపు అక్కడి పేపర్లో వస్తే? ముప్పై ఏళ్ళ తర్వాత గేటు తెరుస్తున్నాం. ఎక్కడా ఒక్క పొరపాటు జరగకూడదు."

మా పక్కింటి వాచిక్ ఊరుకోలేదు. "దించెయ్యి బాబూ, దించెయ్యి. మా ఆవిడ రొట్టె వల్ల ఇంట్లో యుద్ధాలు జరుగుతూనే ఉన్నాయి. దేశాల మధ్య కూడా ఎందుకు?"

అందరూ నవ్వారు. ఆ కుర్రాడు నవ్వలేదు. కాగితాలు మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టుకున్నాడు. నాకతని మీద కోపం రాలేదు. నాకున్న జబ్బే అతనికీ ఉంది. జరగబోయే తప్పు ముందే కనిపిస్తుంది. రొట్టె పెట్టెలన్నీ దించేశారు. ఆడవాళ్ళు ఎవరి దొంతర వాళ్ళు వెతుక్కుని, గొణుక్కుంటూ ఇళ్ళకి మోసుకుపోయారు.

అప్పుడు సాతెనిక్ వచ్చింది. ఒక చేతిలో సూట్‌కేసు. ఇంకో చేతిలో నీలిగళ్ళ గుడ్డలో కట్టిన మూట. లారీ తలుపు దగ్గర నిలబడి మూట పైకి అందించింది.

"లవాష్, జున్ను. దారిలో నువ్వు తినడానికి. అక్కడ ఒక్కళ్ళకి ఒక్క తునక వెళ్ళకూడదు. అది మా అమ్మ లాగిన రొట్టె."

నిజమే. ఆ ఏడు మా పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలన్నీ లాగింది మా వియ్యపురాలు హైకానుషే. కొడుకు పోయాక ఆవిడ చేసిన మొదటి పని అది.

"సరే," అన్నాడు సెరోబ్. ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే తిరిగి మినీబస్సు వైపు నడుస్తోంది.

నా దగ్గర ఒకటే చెంబు. మళ్ళీ ఇంటికెళ్ళి నింపుకొచ్చేలోగా ఇద్దరూ వెళ్ళిపోతారు. మినీబస్సు కదిలింది, సగం నీళ్ళు దాని వెనకాల పోశాను. లారీ కదిలింది, మిగతా సగం దాని వెనకాల. రెండు మరకలూ నా కళ్ళెదుటే గడ్డకట్టాయి. సగం సగం పోస్తే ఎవరికీ సరిపోదేమోనని ఇంటికొచ్చేదాకా అదే గుబులు.

రెండు రోజుల్లో సామాను దించి వచ్చేస్తానన్నాడు. మిగతా లారీలు వచ్చాయి, వాడి లారీ రాలేదు. అక్కడ గుడారాలు మొయ్యడానికి బండ్లు చాల్లేదట, ఆగిపోయాడట. వచ్చిన డ్రైవరు చెప్పాడు. భూమి ఇంకా కదులుతోందని కూడా చెప్పాడు, నేను అడక్కుండానే.

వాడి ఫోను దొరకదు. సాతెనిక్ ఫోను తియ్యదు. నేను టీవీ ముందే తినడం, టీవీ ముందే కునుకు తియ్యడం. టీవీలో మా మంత్రి వాళ్ళ దేశం వెళ్ళాడు. ఇద్దరు మంత్రులూ పక్కపక్కన నిలబడ్డారు. వంతెన బాగు చేయిస్తామన్నారు, ఎండాకాలానికల్లా దారి తెరిచే ఆలోచన ఉందన్నారు. కష్టకాలంలో చాచిన చెయ్యిని తాము ఎప్పటికీ మర్చిపోలేమన్నాడు వాళ్ళ మంత్రి. నేను చదువు సరిగ్గా లేని దాన్ని, పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ వార్త పేపర్లో ఎన్నిసార్లు చదివినా మా అబ్బాయి పేరు అందులో లేదు. ఆ చాచిన చెయ్యి వాడిదేనని, ఆ చెయ్యి ఇంకా ఇంటికి రాలేదని ఎవరూ రాయలేదు.

ఊరు మాత్రం పండగ చేసుకుంటోంది. వాచిక్ వంతెన దారిలో మాంసం కాల్చి అమ్మే కొట్టు పెడతానని కర్రలు పాతేశాడు.

"అక్కా, నీ పెరడు రోడ్డు పక్కనుంది. అమ్మకు. ఇస్తాంబుల్ నుంచి బస్సులొస్తాయి."

"మా వాడు రానీ ముందు."

"వస్తాడక్కా. వచ్చేసరికి వాడు కోటీశ్వరురాలి కొడుకు."

ఇక ఇంట్లో ఉండలేక ఒకరోజు మినీబస్సెక్కి వియ్యపురాలి ఊరికి వెళ్ళాను. తలుపు సాతెనిక్ తీసింది. ముద్దు పెట్టుకుంది, మాట్లాడలేదు. లోపల హైకానుష్ పొయ్యి పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గరిక్ ఫోటో ఇక్కడ పెద్దది.

"రా వదినా. నీ కొడుకేడి?"

"ఇంకా రాలేదు."

"నా కొడుకూ రాలేదు," అంది. తిట్టినట్టు కాదు. వాతావరణం గురించి చెప్పినట్టు.

నేను కాఫీ గిన్నె చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. సాతెనిక్‌ని ఇంటికి రమ్మని అడగడానికి వచ్చాను. ఆ ఫోటో ఎదురుగా ఆ మాట నోట్లోంచి రావడం లేదు. అప్పుడు నా ఫోను మోగింది.

సెరోబ్. బతికున్నాడు. గొంతు నిండా దుమ్ము. సాతెనిక్ నా చేతిలోంచి ఫోను తీసుకుని బల్ల మీద పెట్టి, అందరికీ వినిపించేలా నొక్కింది.

"ఎక్కడున్నావమ్మా?"

"మీ అత్తగారింట్లో."

"సాతో ఉందా?"

"ఉంది. వింటోంది. మీ అత్తగారూ వింటోంది."

"అయితే ఇప్పుడే చెప్పేస్తాను." దగ్గాడు. "ఆ మూట ఇచ్చేశాను."

సాతెనిక్ కళ్ళు తల్లి వైపు తిరిగాయి. హైకానుష్ చెయ్యి బియ్యంలో ఆగింది. ఇక సాతెనిక్ నా ఇంటి గడప తొక్కదని నాకు రూఢి అయిపోయింది.

"ఎవరికి?" అంది సాతెనిక్. రెండు వారాల తర్వాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట.

"ఒక ముసలావిడ. గుల్సుమ్ అని. కూలిన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. గుడారంలోకి రాదు, ఏదిచ్చినా తినదు. నేను లారీ పక్కన కూర్చుని మూట విప్పితే అటే చూస్తోంది. ఆ చూపు చూస్తుంటే ముద్ద దిగలేదు సాతో. తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను."

"ఎండు రొట్టె ఇచ్చావా?" అన్నాను నేను. ఆ కుర్ర అధికారి మాటే నా చెవిలో ఉంది. "ఏమనుకుందో ఏమో! చెప్పావా, నీళ్ళు చల్లాలని?"

"చెప్పబోయాను. నీళ్ళని టర్కీ భాషలో గుర్తు తెచ్చుకునేలోపే ఆవిడ సీసా అడిగి తీసుకుంది. ఒక్కో పొరా విప్పి, నీళ్ళు చల్లి, మళ్ళీ మడిచి, మన గుడ్డలోనే చుట్టింది."

హైకానుష్ బియ్యం పళ్ళెం కింద పెట్టింది. "చేత్తో చల్లిందా?"

"చేత్తోనే అత్తయ్యా. వేళ్ళతో ఇలా విదిలించి."

"చుట్టి ఎక్కడ పెట్టింది?"

"ఒళ్ళో పెట్టుకుంది."

"ఒళ్ళోనా? రొట్టా, పసిపిల్లా? బల్ల మీద పెట్టాలి గానీ."

సెరోబ్ మెల్లగా అన్నాడు. "ఆవిడ మనవరాలు ఆ ఇంట్లోనే ఉందత్తయ్యా. ఇంకా తియ్యలేదు."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటలాడింది. సాతెనిక్ గోడ వైపు తిరిగి నిలబడింది. హైకానుష్ ఫోను వైపు, ఆ నల్లటి బల్ల మీది చిన్న వెలుగు వైపు చూస్తూనే ఉంది. ఆవిడ లేచి ఆ ఫోను విసిరేస్తుందేమో అనుకున్నాను.

"తిందా?" అంది చివరికి.

"తింది. రెండు పొరలు. నాకూ పెట్టింది."

"చాలాసేపు ఉంచిందా ఒళ్ళో?"

"ఉంచింది. చీకటి పడేదాకా."

"అంతసేపు ఉంచకూడదు. ముద్దయిపోతుంది. కాఫీ కాచి తాగేంత సేపు చాలు." పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "చెప్పు ఆవిడకి."

"చెప్తా అత్తయ్యా."

"మర్చిపోకు."

ఫోను ఆగిపోయింది. హైకానుష్ రాళ్ళు ఏరుతూనే కూతురితో అంది: "ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? మీ అత్త ఒక్కతీ ఆ టీవీ ముందు చచ్చేలా ఉంది. చూడు, మొహం ఎలా అయిందో."

సాతెనిక్ ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. నేను రోజూ రెండు కాఫీ గిన్నెలు కడిగి పెట్టి, ఆమె రాక ఒకటి మళ్ళీ లోపల దాస్తూ ఉన్నాను. సెరోబ్ లారీ వంతెన దగ్గరకొచ్చిందని మార్తిరోస్ పరిగెత్తుకొచ్చి చెప్పినప్పుడు మాత్రం, నా కన్నా ముందు వంతెన దగ్గర నిలబడి ఉంది. సూట్‌కేసు కాళ్ళ దగ్గరే. ఇంటికొచ్చినట్టో, రానట్టో ఇంకా తేల్చుకోనట్టు.

సెరోబ్ దిగాడు. గడ్డం సగం తెల్లబడింది. ఆమె కౌగిలించుకోలేదు. చెయ్యి చాచింది.

"గుడ్డేది?"

తీసిచ్చాడు. నీలిగళ్ళ గుడ్డ. ఉతికి, మడతపెట్టి ఉంది. నీళ్ళే కరువైన చోట ఉతికారు. సాతెనిక్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఆ పిల్ల దొరికిందా?"

"దొరికింది," అన్నాడు సెరోబ్. ఎలా దొరికిందో ఆమె అడగలేదు. సూట్‌కేసు తీసి వాడి చేతికిచ్చింది. మొయ్యమన్నట్టు.

మా వెనకాల సైనికులు గేటు మూశారు. కొత్త తాళం వేశారు. అది గట్టిగా చప్పుడు చేసింది.

ఎండాకాలం వచ్చింది. వంతెనకి రంగు వేశారు, దీపాలు పెట్టారు, దారికి తారు పోశారు. ఆప్రికాట్‌లు పండి రాలాయి. తెరవలేదు. వాచిక్ పాతిన కర్రలకి వాళ్ళావిడ బీన్సు తీగ పాకించింది. బస్సుల మాట ఎత్తితే "కాయలు బాగా కాస్తున్నాయక్కా" అంటాడు.

ఆగస్టులో హైకానుష్ మా ఇంటికొచ్చింది. కొడుకు పోయాక ఆవిడ మా ఊరు రావడం రెండోసారే. పొయ్యి వేడి చేసే కాలం ఇంకా రాలేదు. ఎందుకొచ్చిందో చెప్పలేదు. కాఫీ తాగి "వంతెన చూపించండి" అంది.

నలుగురం నడిచి వెళ్ళాం. గేటు దగ్గర ఆ బూడిదరంగు కోటు కుర్రాడే ఉన్నాడు, ఈసారి కోటు లేకుండా, చెమటలు కక్కుతూ. దీపాల పని చూడ్డానికి వచ్చాడట. నన్ను గుర్తుపట్టాడు.

"మేము ఏళ్ళ తరబడి రాసుకున్న కాగితాలు చెయ్యలేని పని ఆ లారీలు చేశాయమ్మా," అన్నాడు. "అవి వెళ్ళబట్టే మా మంత్రిగారు వెళ్ళగలిగారు. అంతవరకూ ఆ దేశంలో మాకు తలుపు తీసినవాళ్ళు లేరు."

"మరి ఇదెందుకు తియ్యలేదు?"

"పెద్దవాళ్ళ మధ్య ఇంకా కొన్ని మాటలున్నాయి."

హైకానుష్ గేటు ఊచలు పట్టుకుని అవతలి ఒడ్డు చూస్తోంది. గొర్రెలు కాసే మనిషి చెట్టు నీడన పడుకుని ఉన్నాడు.

"అబ్బాయ్," అంది సెరోబ్‌ని, వెనక్కి తిరక్కుండా. "నా మాట చెప్పావా ఆవిడకి?"

"చెప్పానత్తయ్యా. వచ్చే రోజు."

"ఏమంది?"

సెరోబ్ నా వైపు చూశాడు. ఇన్ని నెలలూ వాడు ఆ సంగతి ఎత్తలేదు. "చెప్పనా?"

"చెప్పు."

"ముద్దవదంది. మీది మరీ పల్చన, అందుకే మీకా భయం అంది. వాళ్ళ రొట్టె మందమట. ఎంతసేపుంచినా ఏమీ కాదట. నమ్మకపోతే వచ్చి చూడమంది."

"ముద్దవదా!" హైకానుష్ గిర్రున తిరిగింది. మొహం ఎర్రబడింది. రెండున్నరేళ్ళుగా ఆ మొహంలో నేను అంత రక్తం చూడలేదు. "మందం రొట్టెట మందం రొట్టె! మధ్యలో పిండి పిండిగా ఉండిపోతుంది అది. దానికి ఎవరు నేర్పారు? నేను లాగి చూపిస్తాను, రమ్మను. నా ఎదురుగా కూర్చుని తిని అప్పుడు చెప్పమను." అక్కడే ఆగి ఊపిరి తీసుకుంది. సాతెనిక్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "వాళ్ళని క్షమించాననుకోకండి ఎవరూ. ఈ జన్మకి లేదది. రొట్టె సంగతి వేరు."

ఎవరూ ఏమీ అనుకోలేదు. కుర్ర అధికారి కాగితాలు సర్దుకుంటూ తప్పుకోబోయాడు. హైకానుష్ అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆవిడ వయసెంత?" అంది, సెరోబ్ వైపు చూసి.

"మీ అంతే ఉంటుందత్తయ్యా. ఇంకో నాలుగేళ్ళు ఎక్కువేమో కూడా."

హైకానుష్ ఆ కుర్ర అధికారి మోచెయ్యి వదల్లేదు. ఎండలో మెరుస్తున్న కొత్త తాళం వైపు ఒకసారి చూసింది.

"విన్నావుగా," అంది. "మీ పెద్దవాళ్ళకి చెప్పు. త్వరగా కానివ్వమను."